గంజాయి తోటలో పోద్దారు

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అన్న మాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. చెడ్డవాళ్ళ మధ్య ఒక మంచివాడు కనిపిస్తే అలా అంటాం. తులసి మొక్క అందరి పెరట్లోనూ ఉండేదే. గంజాయి వనాన్ని కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం మనలో బహు తక్కువ. అయితే ఆ వనం ఎవరో కల్పించినది కాదు. మన కృష్ణా జిల్లాలోనే రైతులు బాహాటంగా గంజాయి పండించి అమ్ముకున్న రోజులున్నాయి. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ నాకు ఈ సామెత కొంచెం వేరుగా వినపడుతోంది.

ఇది చరిత్రలోకి ఎందుకు తవ్వుకుంటూ పోవడం అంటే, మనం కాపురముంటున్న దేశంలో ఆ వనం మళ్ళీ మొలిచింది గనక. కాలిఫోర్నియాలో 2016 నవంబరు ఓటింగు తరవాత, ఇరవై ఒక్కేళ్ళు నిండినవాళ్ళు స్థానిక నిబంధనలకు లోబడి ఇంటికి ఆరు మొక్కల దాకా పెంచుకోవచ్చు. 2024 చివరికి ఇరవై నాలుగు రాష్ట్రాలు వినోదానికి వాడటాన్ని కూడా అనుమతించాయి. పెరట్లో పెంచేవాళ్ళు ‘సిన్ సెమీయా’ అని ఒక స్పానిష్ మాట వాడతారు. ‘విత్తనం లేనిది’ అని దాని అర్థం. ఆ మాట విన్నవాళ్ళు ఈ విద్య 1970ల్లో మెక్సికోలోనో కాలిఫోర్నియా కొండల్లోనో పుట్టిందనుకుంటారు. దానికి నూరేళ్ళ ముందే బెంగాల్లో ఈ విద్యనే వృత్తిగా చేసుకుని బతికిన మనుషులున్నారు. వాళ్ళను ‘పోద్దార్’ అనేవారు.

పోద్దారు పనేమిటో తెలియాలంటే మొక్క సంగతి కాస్త తెలియాలి. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉన్నట్టే గంజాయిలోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. రాత్రులు పొడుగయ్యే కాలంలో, మన చామంతుల్లాగే, ఇవీ పూతకు వస్తాయి. మగపూల పుప్పొడి గాలిలో తేలివచ్చి ఆడపూల మీద పడితే గింజ కడుతుంది. అప్పటినుంచీ మొక్క బలమంతా గింజకే పోతుంది. పుప్పొడి అందకపోతే ఆడ మొక్క పూలగుత్తిని ఇంకా ఇంకా పెంచుకుంటూ పోతుంది, దాని మీద బంక ఊరుతుంది. మత్తంతా ఆ బంకలోనే ఉంది. ఆకుతో చేసేది భంగు, బంకను విడిగా తీస్తే చరస్, గింజ కట్టని ఆడపూల గుత్తి గంజాయి. అంటే గంజాయి రైతు కష్టమంతా ఒక పెళ్ళి జరగకుండా ఆపడంలో ఉందన్నమాట!

ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ చుట్టుపక్కల, రాజషాహీ, దినాజ్‌పూర్, బోగ్రా జిల్లాలు కలిసేచోట, ‘గంజా మహల్’ అనే ప్రాంతం ఉండేది. బెంగాలుకు కావలసిన గంజాయి అక్కడే పండేది. హేమచంద్ర కేర్ అనే బెంగాలీ అధికారి 1877లో ఆ సాగు మీద ఒక నివేదిక రాశాడు. కలకత్తా హెర్బేరియంలో పనిచేసిన డేవిడ్ ప్రెయిన్ 1893లో ఇంకొకటి రాశాడు. అవి చదువుతుంటే మన పొగాకు రైతులో మిరప రైతులో గుర్తొస్తారు తప్ప దొంగచాటు వ్యవహారం ఎక్కడా కనిపించదు. నీడపడని మెరక పొలం ఎంచుకునేవారు. వేసవి నుంచే దున్నకాలు మొదలు. పశువుల ఎరువు, తెలగపిండి దండిగా వేసేవారు. ఆగస్టులో నారు పోసి, సెప్టెంబరులో బోదెల మీద నాటేవారు. నవంబరు మొదట్లో కింది కొమ్మలు తుంచి మొక్కను తేలిక చేసేవారు. ఆ తరవాత పోద్దారుకు కబురు వెళ్ళేది.

పోద్దారు చేలో సాలు సాలుకూ నడుస్తూ ఒక్కొక్క మొక్కనూ చూసి, మగదనిపించిన దాన్ని అక్కడికక్కడే తీసిపారేసేవాడు. పూత విప్పారాక మగదీ ఆడదీ ఎవరైనా చెప్పగలరు. అప్పటికి పుప్పొడి రాలిపోయి ఉంటుంది. విప్పారకముందే, కణుపు దగ్గర పొటమరించే చిన్న మొగ్గను చూసి చెప్పగలగడమే అతని విద్య. బజారులో నాణేలు పరీక్షించేవాణ్ణి కూడా పోద్దార్ అనేవారు. ఇద్దరిదీ చూపును నమ్ముకున్న బతుకే. అతను వెళ్ళాక రైతులు మళ్ళీ మళ్ళీ చేను తిరిగి వెతుక్కునేవారు. తప్పిపోయిన ఒక్క మగ మొక్క తన చేనునే కాదు, గాలి వాలున ఉన్న పక్కవాడి చేనును కూడా గింజలపాలు చేస్తుంది. అందుకే ఈ పని ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ.

ఒక చిత్రం చెప్పాలి. నౌగావ్ రైతులు మనం శాస్త్రం ప్రకారం మగదనే మొక్కను ఆడదనీ, ఆడదాన్ని మగదనీ పిలిచేవారు. పీలగా ఉండి ముందే వాడిపోయేది ఆడదీ, గుబురుగా బలంగా నిలబడేది మగదీ అని వాళ్ళ లెక్క. ఇంగ్లండులో నార కోసం జనుములాగా ఇదే జాతి మొక్కను పెంచిన రైతులు కూడా ఇలాగే పేర్లు తారుమారు చేశారు. పేరు తప్పినా పని తప్పలేదు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో వాళ్ళకు తెలుసు.

మగ మొక్కలు తీసేసినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. నీటి ఎద్దడికో ఇంకో ఒత్తిడికో లోనైతే ఆడ మొక్కే ఒక్కోసారి కొన్ని మగపూలు పూస్తుంది. పూతమీద వాన పడితే బంక కడుక్కుపోతుంది. గుత్తి ఎంత దట్టంగా ఉంటే తేమ అంతగా లోపల నిలిచి బూజు పట్టే ప్రమాదం ఉంది. గొంగళిపురుగు గుత్తిలో దూరితే పైకి కనిపించదు. పొలం పంట గనక ఆకాశాన్ని నమ్ముకోవలసిందే. జనవరి చివర నుంచి కోతకు వచ్చేదాకా రైతు కళ్ళు మబ్బుల మీదే ఉండేవి. ఈనాడు కాలిఫోర్నియాలో అక్టోబరు వానకు ముందే కోసుకోవాలని తొందరపడే రైతుదీ ఇదే దిగులు.

ఈ దిగులంతా రైతుది, ఆదాయం మాత్రం సర్కారుది. నౌగావ్‌లో సాగుకు లైసెన్సు, పంటకు కాపలా, సరుకు సర్కారు గోదాముకు, అమ్మకం లైసెన్సుదారుకు మాత్రమే. ప్రతి అడుగులోనూ పన్ను. ఇంగ్లండులో మద్యనిషేధ ఉద్యమం చేస్తున్న విలియం కెయిన్ అనే సభ్యుడు 1893 మార్చి 2న కామన్స్ సభలో దీని మీద ప్రశ్న వేశాడు. దాంతో అదే సంవత్సరం జూలైలో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడిగా ఏడుగురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. అందులో ముగ్గురు భారతీయులు. వాళ్ళు దేశమంతా 1,193 మంది సాక్షులను విచారించి 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదనీ, అతిగా వాడితే హాని ఉందనీ, పూర్తి నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదనీ తేల్చారు. సాగును కొద్ది చోట్లకు పరిమితం చేసి పన్ను పెంచమన్నారు.

మన ప్రస్తావన ఇక్కడే వస్తుంది. మద్రాసు రాజధానిలో ఆ రోజుల్లో గంజాయి ముఖ్యంగా రెండు చోట్ల పండేది. ఒకటి ఉత్తర ఆర్కాటు కొండ ప్రాంతం. రెండోది కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో, ఆనాటి రికార్డుల్లో దగ్గుపాడు అని కనిపించే ఊరి చుట్టుపక్కల. లైసెన్సు పద్ధతి బిగిశాక సాగు ఆ రెండు చోట్లకే పరిమితమైంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడ్డాక బాపట్ల అందులోకి వెళ్ళింది. పొగాకుకూ మిరపకూ పేరుపొందిన నేల అది. ఆ రెండింటితో పాటు సర్కారు పుస్తకాల్లోకి ఎక్కిన మూడో పంట సంగతి మన పెద్దలు మనకు చెప్పలేదు.

పండించినవాడి కథ ఇది. వాడినవాడి కథ ఓడ ఎక్కింది. 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరిన ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి బయలుదేరినదే. అందులో చెరుకుతోటల పనికి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో ఈ మొక్క అప్పటికే ఉంది. అక్కడివాళ్ళు ‘డాగా’ అనేవారు. అయినా నాటల్ ప్రభుత్వం 1870లో చేసిన కూలీల చట్టంలో, భారతీయ కూలీలు ఈ మొక్కను పీల్చకూడదు, వాడకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, వాళ్ళకు ఎవరూ అమ్మనూ ఇవ్వనూ కూడదని రాసింది. మొక్క అందరిదీ, నిషేధం మాత్రం వలస వచ్చినవాడికి! అదే సామ్రాజ్యం నౌగావ్‌లో ఆ మొక్క మీదే పన్ను వసూలు చేసుకుంటూ ఉంది. కూలివాడి ఆరోగ్యం కన్నా మర్నాడు తోటలో అతను చెయ్యవలసిన పనే యజమానులకు ముఖ్యమని నాకు అనిపిస్తుంది. జమైకాలో ఈ మొక్కను ఇవాళ్టికీ గాంజా అనీ, మారిషస్‌లో గాండియా అనీ పిలవడం వెనక ఉన్నది కూడా ఓడలెక్కిన మన కూలీలే.

ఆ తరవాత చట్టాలు మారాయి. 1961 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దేశాలు వైద్యానికి కాని వాడకాన్ని ఇరవై అయిదేళ్ళలో ఆపాలి. ఆ గడువు దగ్గరపడ్డాక భారతదేశం 1985లో మాదకద్రవ్యాల చట్టం తెచ్చింది. ఆ చట్టంలో గంజాయి నిర్వచనం చదివితే పోద్దారు గుర్తొస్తాడు. పూత లేదా కాత ఉన్న కొమ్మ చివర్లు గంజాయి. వాటితో కలిసి లేని ఆకులూ గింజలూ కావు. మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన శిక్ష. నౌగావ్‌లో 1917లో సహకార సంఘం కూడా పెట్టుకున్న రైతుల సాగు 1987లో ఆగిపోయింది. ఆ మొగ్గను గుర్తుపట్టే చూపు ఒకప్పుడు కూలి తెచ్చిపెట్టింది. ఇప్పుడు అదే పువ్వు జైలుకు పంపుతుంది.

విశాఖ మన్యంలో ఆ జైలు ఎవరికో చూస్తున్నాం. అక్కడ ‘శీలావతి’ అని పేరుపెట్టి పండించిన గంజాయిని పోలీసులు 2021 చివర్లో వేల ఎకరాల్లో నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. పెట్టుబడి పెట్టిన వ్యాపారి ఎక్కడో ఉంటాడు. చేలో దొరికేది గిరిజనుడు. అదే మొక్క మీద అమెరికాలో కంపెనీలు షేర్లు అమ్ముకుంటున్నాయి.

ఇదంతా చెప్పి గంజాయి మంచిదని నేను అనడం లేదు. 1894 కమిషన్ తీర్పును ఈనాటికి అరువు తెచ్చుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో పట్టుబడిన సరుకులో మత్తు పదార్థం 1995లో సుమారు 4 శాతం ఉంటే 2014 నాటికి 12 శాతానికి చేరింది. ఎదిగే వయసు పిల్లల మెదడుకు అది చేసే చెరుపు వైద్యులు చెబుతున్నదే. కానీ పిల్లలు అడిగినప్పుడు ‘ఛీ, ఆ మాట ఎత్తకు’ అంటే వాళ్ళు ఇంకెవరినో అడుగుతారు. వాళ్ళకు ఈ కథంతా చెప్పవచ్చు. చివర్లో ఇంకొక్క ముక్క కూడా చెప్పి తీరాలి. 2019 ఏప్రిల్‌లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఒక ప్రకటన చేసింది. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, గంజాయి వాడినా, ఆ వ్యాపారంలో పనిచేసినా, పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన లేదని ఎంచవచ్చునని దాని సారాంశం. పక్కింటి అబ్బాయికి చెల్లిన పని గ్రీన్‌కార్డు మీద ఉన్న మన అబ్బాయికి చెల్లకపోవచ్చు. నాటల్ చెరుకుతోటల్లో మనవాళ్ళకు 1870లోనే ఎదురైన తేడా అది.