కలమళ్ల నుంచి నేటాల్ దాకా మన ఇంటిపేర్లు

దక్షిణాఫ్రికాలో స్నైమన్ అనే ఇంటిపేరు గల తెల్లవాళ్లు చాలామంది ఉన్నారు. ఆఫ్రికాన్స్ మాట్లాడతారు, తమ పూర్వికులు యూరప్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఆ వంశవృక్షాన్ని వేరు దాకా తవ్వుకుంటూ పోయిన చరిత్రకారులకు అట్టడుగున కనిపించింది మన పులికాట్ ఆడమనిషి. దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ డచ్చి వలస రికార్డుల్లో ఆమె పేరు గ్రూట్ కాత్రైన్ వాన్ పాలియకట్టా. పులికాట్ పెద్ద కాత్రైన్ అన్నమాట. సూళ్లూరుపేట దాటితే కనిపించే ఆ సరస్సు పేరు మూడున్నర శతాబ్దాల కిందటే ఆఫ్రికా ఖండపు చివరి అంచున ఒక మనిషికి ఇంటిపేరై కూర్చుందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు.

ఆమె కథలో మాత్రం సంబరానికి చోటు లేదు. పులికాట్‌లో డచ్చివాళ్లకు కోట ఉండేది. కోరమాండల్ తీరంలో కొన్న మనుషులను అక్కణ్ణుంచే ఓడల్లో బటేవియాకు, అంటే నేటి జకార్తాకు, పంపేవాళ్లు. కాత్రైన్ కూడా అక్కడ బానిసగా ఉంటూ, తన మీద చెయ్యి చేసుకున్న మగవాణ్ణి ఆత్మరక్షణలో చంపింది. మరణశిక్ష పడి, అది యావజ్జీవ ప్రవాసంగా మారింది. 1657లో ఆమెను కేప్‌కు తీసుకొచ్చి కోటలో బట్టలుతికే పనిలో పెట్టారు. అక్కడి డచ్చి కంపెనీ సైనికుడొకడి వల్ల పుట్టిన కొడుకు తండ్రి పేరు పెట్టుకున్నాడు. స్నైమన్లందరికీ అతడే మూలపురుషుడు. తల్లి ఊరిపేరు ఆమెతోనే ఆగిపోయింది.

కేప్‌లో ఇలాంటి పేర్లు కొల్లలు. ఆంజెలా వాన్ బెంగాల్ ఉంది. వాన్ మలబార్‌లు, వాన్ కోరమాండల్‌లు ఉన్నారు. ఊరు కూడా దక్కనివాళ్లకు నెలల పేర్లు తగిలించారు. సెప్టెంబర్, ఏప్రిల్, ఫిబ్రవరి అనే ఇంటిపేర్లు కేప్‌టౌన్‌లో ఈనాటికీ ఉన్నాయి. యజమాని చేతికి వచ్చిన నెలను బట్టి పెట్టినవని అంటారు. బానిసత్వం 1834లో రద్దయింది, నెలలు మాత్రం మనుషులను వదల్లేదు.

ఊరిని బట్టి మనిషిని గుర్తుపట్టడం మనకేమీ కొత్త కాదు. ఆ మాటకొస్తే మన భాష రాతకెక్కిన రోజే ఆ పద్ధతి కూడా రాతకెక్కింది. ప్రొద్దుటూరుకు దగ్గర్లో, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయ ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిది. ఇప్పటికి దొరికినవాటిలో పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనం అదే. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతుండగా వేసిన రాయి. విరిగిపోయింది, సగం అక్షరాలు అరిగిపోయాయి. మిగిలిన వరుసల్లో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు చిఱుంబూరు రేవణకాలు, రెండోవాడు చెనూరు కాజు. ముందు ఊరు, తర్వాత మనిషి. ఈరోజు ప్రొద్దుటూరు రేషన్ కార్డులో చూసినా అదే వరుస. వాటిని ఇంటిపేర్లనడానికి పండితులు ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే తండ్రి నుంచి కొడుక్కి వస్తేనే అది ఇంటిపేరు. కానీ విత్తనం అదేనని నా నమ్మకం.

ఆ తర్వాత వెయ్యేళ్లు గబగబా దాటేద్దాం. దాటుతూ దాటుతూ గండికోట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. జమ్మలమడుగు పక్కన పెన్నా చీల్చుకుపోయే లోయ మీద పెమ్మసాని వారు ఏలిన కోట అది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. పెమ్మసాని వంశం మాత్రం ఆ కోటతో అంతరించలేదు. తమిళనాట కురువికుళం జమీందార్ల ఇంటిపేరు పెమ్మసాని. కోవిల్పట్టి వైపు తెలుగు కుటుంబాల్లో చదువు తమిళం, బడి రిజిస్టరులో తండ్రి పేరు మొదటి అక్షరం తప్ప మరేమీ ఉండదు. అయినా పెళ్లి మాటలు మొదలయ్యేసరికి ఇంటిపేరు బయటికొస్తుంది. కాగితం మీద లేని పేరు నోటి మీద వందల ఏళ్లుగా బతుకుతోంది. దాన్ని బతికించింది పెళ్లే.

మన వైపు సంబంధం చూడబోతే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "మీ ఇంటిపేరేంది?" అన్న తర్వాతే మంచినీళ్ల గ్లాసు చేతికొస్తుంది. ఇంటిపేరు ఒకటే అయితే అన్నదమ్ముల వరుస, పిల్లనివ్వరు. వేరైతే ఏ ఊరి నుంచి వచ్చిన వాళ్లో, ఎవరికి చుట్టాలో పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఇంటి పెద్దావిడకు కనీసం నాలుగు ఇంటిపేర్లు నోటికి వచ్చి ఉంటాయి. పుట్టింటిది, మెట్టినింటిది, అమ్మగారి పుట్టింటిది, అత్తగారి పుట్టింటిది. ఏ రెవెన్యూ రికార్డులోనూ లేని స్త్రీల చరిత్ర ఆ జాబితాలో దాగి ఉంది.

ప్రొద్దుటూరు కవులనే చూడండి. శివభారతం రాసిన వేంకట శేషశాస్త్రి గారి ఇంటిపేరు గడియారం. ఆయన పుట్టింది 1894లో, జమ్మలమడుగు తాలూకా నెమళ్లదిన్నెలో. నీటిగిన్నె మునిగినప్పుడల్లా గంట కొట్టి గడియలు లెక్కపెట్టిన కాలపు మాట ఒక వంశానికి పేరైంది. ఆయనతో జంటగా అవధానాలు చేసిన రాజశేఖర శతావధాని గారిది దుర్భాక. ఇక శివతాండవ కర్త నారాయణాచార్యుల వారి పూర్వికులది తిరుమల ఇంటిపేరు. చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో కాపురముండడం వల్ల వాళ్లు పుట్టపర్తి వారయ్యారు. మనిషి ఊరు మారితే ఇంటిపేరూ మారింది, ఎవరి అనుమతీ అడగకుండా. ఇంటిపేరు రాతిలో చెక్కినట్టు ఉండేదని మనం అనుకుంటాం గానీ, అది పెన్నా లాగా దారులు మార్చుకుంటూ పారింది.

దాన్ని కట్టి నిలబెట్టింది రిజిస్టరు. 1800లో నిజాం మన రాయలసీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలం పొలం కొలిపించి, రైతు పేరు మీదే శిస్తు కట్టాడు. ఊళ్లో నలుగురు ఓబుల్‌రెడ్లు, ఆరుగురు గంగిరెడ్లు ఉంటే ఎవరి చేను ఎవరిదో ఇంటిపేరు లేకుండా ఏ కరణమైనా ఎలా రాస్తాడు? దత్తమండలంలో వలసపాలన కాగితం ఇంటిపేరును చంపలేదు. శిస్తు వసూలుకు అది అవసరమైంది కాబట్టి.

సముద్రం దాటిన చోట ఆ అవసరం లేకపోయింది. నన్ను ఎక్కువగా వెంటాడే కాలం అదే, 1860 నుంచి 1911 వరకు. చెరకు తోటల్లో పని చేయడానికి కూలీలు కావాలని దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నేటాల్ దొరలు అడిగితే, మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది. ఆ యాభై ఏళ్లలో ఒప్పంద కూలీలుగా నేటాల్ చేరిన భారతీయులు 1,52,184 మంది, అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో చాలామంది. మధ్యలో 1876లో ధాత కరువు వచ్చింది. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు తల్లడిల్లాయి. కడుపు మాడినవాడికి ఓడ ఎక్కించే మేస్త్రి మాట తీపిగానే వినిపిస్తుంది.

ఒక్కసారి ఆ ఓడ జాబితాను దగ్గరగా చూడండి. ప్రతి మనిషికీ ముందు ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. కుడి భుజం మీది మచ్చకు కూడా ఒక గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. ఇంటిపేరు అడగని ఆ గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే పేరు అలా రాశాడు. రామయ్య, మునియమ్మ, అప్పలసామి అనేవి ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల వంకర్లు తిరిగాయి. మనిషిని తోటలో, కోర్టులో, ఆస్పత్రిలో పిలిచింది ఆ నంబరుతోనే. ఇప్పటికీ అక్కడి మనవళ్లు పూర్వికుల ఊరు వెతకాలంటే ఆ నంబరే తాళంచెవి.

తర్వాత తరానికి చివర ఏదో ఒక పేరు కావాల్సి వచ్చింది. బడి అడిగింది, పెళ్లి రిజిస్టరు అడిగింది, భూమి కాగితం అడిగింది. అప్పుడు చేతికి దొరికింది కులబిరుదు. నాయుడు నైడూ అయింది, రెడ్డి రెడ్డిగానే మిగిలింది, తమిళుల్లో మొదలియారు మూడ్లీ అయ్యాడు. కొందరికి తాత పేరే ఇంటిపేరైంది. మారిషస్‌లోనూ ఇదే జరిగింది. అక్కడి తెలుగువాళ్లను కోరింగ రేవు పేరు మీద కోరంగీలన్నారు. వచ్చిన మనిషి పేరే పిల్లల ఇంటిపేరైపోవడంతో, వేరువేరు ఓడల్లో వచ్చిన అన్నదమ్ముల సంతానానికి వేరువేరు ఇంటిపేర్లు వచ్చాయి. ఉగాదికి సెలవిచ్చే ఆ దేశంలో పండగ నిలిచింది, ఇంటిపేరు నిలవలేదు.

ఇందులో నష్టమే కాదు, మరో ముఖం కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. ఇక్కడ ఊరి బయట బతికిన మనిషి అక్కడ రేవు దిగి కులం అడిగితే నాయుడినని చెప్పుకున్నాడు. వాణ్ణి తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. సముద్రమే అతనికి ఆ అవకాశమిచ్చింది. ఊరి గోడలకు ఇవతల ఎంత వెతికినా అది దొరికేది కాదు.

ఆ బిరుదు అక్కడ మరో అర్థం మోసింది. 1950లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వం ప్రతి మనిషినీ జాతి వారీగా నమోదు చేయాలని చట్టం చేసింది. దరఖాస్తు చివర నైడూ అని కనిపిస్తే చాలు, ముఖం చూడకుండానే గుమస్తాకు జాతి తెలిసిపోయేది. ఏ వీధిలో ఉండాలో, ఏ బల్ల మీద కూర్చోవాలో దాన్ని బట్టే నిర్ణయం. అదే పేరు పోరాటానికీ గుర్తయింది. మారిషస్‌లో పుట్టిన తంబి నైడూ గాంధీ పక్కన సత్యాగ్రహానికి నిలబడ్డాడు. ఆయన మనవడు ఇంద్రెస్ నైడూ రాబెన్ దీవిలో పదేళ్లు జైలులో ఉన్నాడు.

ఈ పోరాటానికి ఐక్యరాజ్యసమితిలో వెన్నెముకగా నిలిచినాయన మన నెల్లూరు జిల్లా మనిషి, ఎనుగ శ్రీనివాసులు రెడ్డి. 1924లో పుట్టి, 1963 నుంచి వర్ణవివక్ష వ్యతిరేక సంఘానికి కార్యదర్శిగా పనిచేసి, 1976లో ఆ పేరుతో ఏర్పడ్డ కేంద్రానికి సంచాలకుడయ్యాడు. ప్రపంచమంతటికీ ఆయన ఇ.ఎస్.రెడ్డి. ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నిలిచింది, బిరుదు చివర ఇంటిపేరై కూర్చుంది. కూలీల ఓడ ఎక్కకుండానే, నంబరు పడకుండానే, నేటాల్ నైడూలకు జరిగిందే ఇక్కడా జరిగింది.

మన కడప జిల్లాలో ఇది మరీ ఎక్కువ. పులివెందుల తాలూకా ఎద్దులయ్యగారి కొత్తపల్లెలో 1908లో పుట్టిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి వాహినీ సినిమా సంస్థ స్థాపించి, 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. బి.ఎన్.రెడ్డి అంటే అందరికీ తెలుసు, బొమ్మిరెడ్డి అంటే ఎంతమందికి తెలుసు? జమ్మలమడుగులో 1949లో పుట్టి, అక్కడి మిషన్ ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసి, పులివెందుల నుంచి ముఖ్యమంత్రి పదవికి ఎదిగిన రాజశేఖరరెడ్డి గారి ఇంటిపేరు యెదుగూరి సందింటి. రెండు మాటలు వై.ఎస్. అనే రెండు అక్షరాలయ్యాయి. తరువాత ఆ రెండక్షరాలే ఒక ఇంటిపేరై పిల్లలకు దక్కాయి.

పొడి అక్షరాల్లో ఊరు ఇమడదు. "కె" అంటే కదిరి కావచ్చు, కొండాపురం కావచ్చు, కమలాపురం కావచ్చు. నేటాల్ గుమస్తా మనవాళ్లకు చేసిన అన్యాయాన్ని మనకు మనమే, ఎవరూ బలవంతపెట్టకుండా, చేసుకుంటున్నాం. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి. అమెరికా పోయిన పిల్లల పేరు చివర ఇంటిపేరు రావాలా రెడ్డి రావాలా అని పేచీ. పెళ్లయిన ఆడపిల్లకైతే తండ్రి ఇంటిపేరు ఒక కాగితంలో, భర్తది ఇంకో కాగితంలో ఉండి, రెండూ ఒకరివేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

అందుకే ఒక్కటే మనవి. బిడ్డ జనన ధ్రువపత్రం తీసుకునేటప్పుడు ఇంటిపేరు పూర్తి అక్షరాల్లో రాయించండి, పొడి అక్షరం వద్దు. ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ ఉంటే, ఆమెకు తెలిసిన ఇంటిపేర్లన్నీ, ఏ ఊరి నుంచి ఎవరు ఏ ఊరికి వచ్చారో సహా, ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. ముఖ్యంగా ఆమె పుట్టింటి పేరు, ఆమె తల్లి పుట్టింటి పేరు. ఆ రెండూ మరే రికార్డులోనూ దొరకవు.