గుండె ఆపరేషనైన బిడ్డ కొండకొచ్చాక

మా అప్ప కొడుక్కి నాలుగేళ్లు. గుండెలో చిల్లుందని విశాఖలో ఆపరేషన్ చేశారు. కిరండూల్ పాసింజర్లో టైడా టేసన్లో దిగీసరికి ఆడ్ని చూడ్డానికి చుట్టాలంతా వచ్చీశారు. ఒక తాత ప్రేమకొద్దీ చంకల కింద చేతులెట్టి ఎత్తబోతే, అప్ప గట్టిగా కేకేసింది. ఎందుకో ఎవులికీ తెలీలేదు. ఆస్పత్రోళ్లిచ్చిన కాయితం ఇంగ్లీషులో ఉంది. నర్సమ్మ నోటితో చెప్పిన మాటలే మాకు దారి చూపించాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఎత్తీది ఎలాగంటే: ఆపరేషన్‌కి ఛాతీ మధ్య ఎముక కోసి, పనయ్యాక మళ్లీ కలిపి కుడతారు. పైన చర్మం తొందరగా మానినట్టే ఉంటాది. లోపల ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలు పడతాది. అందాకా చంకల కింద పట్టి ఎత్తకండి, చెయ్యి పట్టి లాగకండి. ఒక చెయ్యి పిర్రల కింద, ఇంకో చెయ్యి భుజాల వెనక పెట్టి ఎత్తండి. గుడ్డతో వీపుకి కట్టుకోడం కూడా వద్దు, ఛాతీ నొక్కుకుంటాది. చెట్లెక్కడం, గెంతడం, బరువు మొయ్యడం డాక్టరు సరే అన్నాకే.

కోత దగ్గర పసుపు, ఆకు పసరు, నూనె, పౌడరు ఏటీ రాయకండి. పూర్తిగా మానీదాకా గెడ్డలో దింపకండి. తడి తగిలితే శుభ్రమైన గుడ్డతో అద్దండి, రుద్దకండి.

పొయ్యి పొగకి, చుట్ట పొగకి దూరంగా పడుకోబెట్టండి. దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకొని దగ్గమనండి, నొప్పి తగ్గుతాది.

మందు చెంచాతో కాదు, సిరంజితో కొలిచి పొయ్యండి. ఒంట్లో నీరు తగ్గడానికిచ్చిన మందుకి ఉచ్చ ఎక్కువవుతాది. అది చూసి భయపడి మానీకండి. ఒక పూట మర్చిపోతే తర్వాత పూట రెండింతలు పొయ్యకండి. మా అప్పకి చదువు రాదు. పోసిన ప్రతిసారీ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసీది.

ఇక జ్వరం. మన్నెంలో జ్వరమంటే ముందు మలేరియానే గుర్తొస్తాది. రక్తపరీక్ష చేయించాల్సిందే. కానీ కోతలో చీము పట్టినా, గుండె లోపలి పొరకి సూక్ష్మజీవులు పట్టినా జ్వరమే వస్తాది. మావోడికి మూడో వారంలో వచ్చింది. మలేరియా లేదన్నారు. హమ్మయ్య అనుకొని ఊరుకోబోయాం. అప్ప చొక్కా విప్పి చూస్తే కోత చివర తడిగా, ఎర్రగా ఉంది. ఆ పూటే బయల్దేరాం. రెండ్రోజులు ఆగుంటే ఏటయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒణుకొస్తాది.

అందుకే 100.4 డిగ్రీలు దాటితే ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఆశా కార్యకర్తకైనా, ఏ డాక్టరుకైనా "గుండె ఆపరేషనైంది" అన్నదే మొదటి మాట అవ్వాలి. సొంతంగా మందు బిళ్లలు కొనీకండి. కోత వాచినా, ఎముక టక్కుమన్నా, ముఖం ఉబ్బినా, తిండి మానీసినా అదే రోజు చూపించండి. పెదాలు నీలమైనా, ఊపిరి ఎగబీల్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఆడుకుంటున్నాడు కదాని మళ్లీ చూపించడం మానీకండి. గుండె చుట్టూ నీరు చేరితే పైకి కనబడకపోవచ్చు, స్కానింగులో తెలుస్తాది. కూలి పోతాది, నిజమే. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏవేవి వస్తాయో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి.

సర్కారుకి ఒక్క మాట. లక్షలు పెట్టి ఆపరేషన్ చేయిస్తన్నారు, సంతోషం. ఇంటికి పంపీటప్పుడు ఇచ్చే కాయితం తెలుగులో, బొమ్మలేసి ఇవ్వండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లకి ఆ భాషలోనే చెప్పించండి. ఆపరేషన్ బల్ల మీద బతికిన బిడ్డ, కాయితం అర్థం కాక ఇంట్లో ప్రాణం మీదకి తెచ్చుకోకూడదు.

మావోడిప్పుడు అంగన్వాడీకి నడిచే వెళ్తన్నాడు. ఆ తాత ఇప్పుడు ఎవులి బిడ్డనెత్తినా పిర్రల కింద చెయ్యేసే ఎత్తుతున్నాడు.