సుబ్బారావుగారి కాలం నుండి మసకబారిన సంచి వరకు

మన పాత పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎరుగని పెన్షనరు ఉండరు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజులలోనే, డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే బంగారు రంగు మందు కనుగొన్నారు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. డగ్గర్‌గారు విశ్వవిద్యాలయంలో రిటైరైన తరువాత, డెబ్బయి దాటిన వయసులో ఈ పని సాధించారని మనవారు గమనించ ప్రార్థన!

మూత్రపిండాలు చెడినవారికి పొట్టలోని పొరనే వడపోత గుడ్డగా వాడే ప్రయత్నం అంతకు ముందే, 1923లో జర్మనీలో గాంటర్ చేశారు. 1946లో బోస్టన్‌లో ఒక రోగి ఈ పద్ధతిలో కోలుకున్నారు. అయినా చాలాకాలం అది వ్యాపించలేదు. గొట్టం వెంట క్రిములు పొట్టలోకి చేరడమే చిక్కు. 1968లో టెంకాఫ్ మెత్తని గొట్టం, 1970ల చివర ప్లాస్టిక్ సంచులు, వాటికి తోడు యాంటీబయాటిక్కులు వచ్చాకనే అది ఇంటి వైద్యమైంది. మనదేశంలో 1991లో మొదలైంది.

ఇంతలో క్రిములు మందులకు లొంగడం మానాయి. చివరి అస్త్రమనుకున్న వాంకోమైసిన్‌ను సైతం తట్టుకొనే క్రిములు 1980ల చివర లండన్‌లో కిడ్నీ రోగులలోనే బయటపడ్డాయి.

మా ఉంగుటూరులో నాతో పనిచేసిన మిత్రుడొకరు మూడేళ్లు ఈ సంచులతోనే గడిపారు. రోజుకు నాలుగుసార్లు, రెండేసి లీటర్లు. ఆయన భార్య తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకొని, మడి కట్టుకున్నంత నిష్ఠగా సంచి మార్చేవారు. ఒకనాటి ఉదయం బయటకు వచ్చిన నీరు బియ్యం కడుగులా ఉంది. పరీక్షలో మామూలుగా ఇచ్చే మందులేవీ ఆ క్రిమిపై పనిచేయవని తేలింది. జలుబు చేసినా రెండు మాత్రలు కొని మింగడం, తగ్గగానే మానడం మావాడికి పాత అలవాటు. అదే కారణమని డాక్టరుగారు చెప్పలేదు, కాదనీ అనలేదు.

2014 మార్చి నుండి కొన్ని యాంటీబయాటిక్కులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో వ్రాసి, మూడేళ్లు భద్రపరచాలని నిబంధన. రిజిస్టర్లతో జీవితం గడిపినవాణ్ణి, ఒక దుకాణంలో చూపమన్నాను. వింతగా చూశారు.

మిత్రునికి గొట్టం తీసేశారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు తెల్లవారగట్లే బయలుదేరి యంత్రం మీద డయాలసిస్‌కు ఏలూరు వెళ్లి, సాయంత్రానికి తిరిగి వస్తున్నారు. తోడుగా ఆమె.