నిఘా సంస్థల ఖర్చు, పార్లమెంటు పర్యవేక్షణ: అండమాన్ ‘ఆపరేషన్ లీచ్’ మిగిల్చిన ప్రశ్నలు

అండమాన్ దీవుల వరుసలో ఉత్తరాన చిట్టచివర ల్యాండ్‌ఫాల్ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి నుంచి మయన్మార్‌కు చెందిన కోకో దీవులు దగ్గరే. 1998 ఫిబ్రవరిలో ఈ ద్వీపం పేరు పత్రికల్లోకెక్కింది. ఈశాన్య రాష్ట్రాల తిరుగుబాటు సంస్థలకు సముద్ర మార్గంలో ఆయుధాలు చేరవేస్తున్న అంతర్జాతీయ ముఠాను పట్టుకున్నామని, ఆరుగురు హతమయ్యారని, డెబ్బై మందికి పైగా అదుపులో ఉన్నారని సైన్యం ప్రకటించింది. ఆ చర్య పేరు ఆపరేషన్ లీచ్.

పట్టుబడినవారు చెప్పిన కథ వేరు. తాము ఆయుధ వ్యాపారులం కామని, మయన్మార్ సైనిక పాలనపై పోరాడుతున్న అరకాన్, కరెన్ సంస్థల సభ్యులమని వారు చెప్పారు. భారత సైనిక నిఘా విభాగం అధికారి ఒకరు తమతో చాలాకాలంగా సంబంధాలు నడిపారని, అండమాన్‌లో స్థావరం ఇప్పిస్తానన్న ఆయన మాట నమ్మి వచ్చామని, దిగాక తమ నాయకులను పక్కకు తీసుకెళ్లి కాల్చేశారని ఆరోపించారు. వీరి తరఫున పోరాడిన న్యాయవాది నందితా హక్సర్ 2009లో ‘రోగ్ ఏజెంట్’ పేరుతో ఈ ఉదంతంపై పుస్తకం రాశారు.

ఈ రెండు కథనాల్లో ఏది నిజమో తేల్చే బహిరంగ విచారణ పూర్తిస్థాయిలో జరగలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏళ్ల తరబడి నిర్బంధంలో ఉన్న 34 మందిపై కేసును సుప్రీంకోర్టు ఆదేశంతో కోల్‌కతాకు బదిలీ చేశారు. 2010లో తక్కువ తీవ్రత గల నేరాలను అంగీకరించే ఒప్పందంతో అది ముగిసింది. పడిన శిక్ష కంటే ఎక్కువ కాలం వారు అప్పటికే జైల్లో గడిపేశారు. 2011లో విడుదలయ్యారు. ఆయుధాల చేరవేత ఆరోపణ రుజువు కాలేదు. ఆరుగురు ఎలా చనిపోయారన్న ప్రశ్నకూ కోర్టులో జవాబు రాలేదు.

నేరం జరిగిందా లేదా అన్నది కోర్టుల పని. ఒక నిఘా విభాగం విదేశీ సాయుధ సంస్థతో సంబంధాలు నడిపితే దానికి అనుమతి ఎవరిచ్చారు, డబ్బు ఏ పద్దు నుంచి వచ్చింది, తేడా వచ్చినప్పుడు ఎవరు సంజాయిషీ చెప్పాలి అన్నవి మాత్రం ప్రజాప్రతినిధులు అడగాల్సినవి. మన పార్లమెంటులో వాటిని అడిగే బాధ్యత అప్పగించిన సంఘం ఏదీ లేదు.

చట్టం లేని సంస్థలు

దేశంలోని ప్రధాన నిఘా సంస్థలు పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టలేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) మూలాలు 1887లో బ్రిటిష్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన విభాగంలో ఉన్నాయి. విదేశీ నిఘా చూసే రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్ (రా) 1968 సెప్టెంబరులో ఐబీ నుంచి విడివడి, కేబినెట్ సచివాలయం కింద ఏర్పడింది. కార్గిల్ యుద్ధం తర్వాత మంత్రుల బృందం చేసిన సిఫార్సులతో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, సాంకేతిక నిఘా కోసం నేషనల్ టెక్నికల్ రీసెర్చ్ ఆర్గనైజేషన్ (ఎన్‌టీఆర్‌ఓ) వచ్చాయి. ఇవన్నీ కార్యనిర్వాహక ఉత్తర్వులతో నడిచేవే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితాలోని ఎనిమిదో అంశం ‘సెంట్రల్ బ్యూరో ఆఫ్ ఇంటెలిజెన్స్ అండ్ ఇన్వెస్టిగేషన్’. అంటే ఈ విషయంపై చట్టం చేసే అధికారం పార్లమెంటుకు మొదటి నుంచీ ఉంది. దాన్ని పార్లమెంటు వాడింది సిబ్బందిని కట్టడి చేయడానికి. 1984 నాటి 50వ రాజ్యాంగ సవరణ 33వ అధికరణ పరిధిలోకి నిఘా సిబ్బందిని తెచ్చింది. 1985లో వచ్చిన ఇంటెలిజెన్స్ ఆర్గనైజేషన్స్ (రెస్ట్రిక్షన్ ఆఫ్ రైట్స్) చట్టం ఉద్యోగులు సంఘాలు పెట్టుకోవడం, పత్రికలతో మాట్లాడటం వంటి హక్కులకు పరిమితులు విధించింది. సంస్థ ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నది చెప్పే చట్టం ఇంకా రాలేదు.

డబ్బు మంజూరయ్యే తీరు

చట్టం లేకపోయినా, పార్లమెంటు అనుమతి లేకుండా కేంద్రం రూపాయి కూడా ఖర్చు చేయలేదు. రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం ప్రతి శాఖ ఖర్చూ పద్దు రూపంలో లోక్‌సభ ముందుకు రావాలి. 114వ అధికరణ ప్రకారం ద్రవ్య వినియోగ బిల్లు ఆమోదం పొందాలి. ఐబీ ఖర్చు హోంశాఖ పోలీసు పద్దులో ఒక వరుసగా కనిపిస్తుంది. 2025-26 బడ్జెట్‌లో ఆ మొత్తం సుమారు 3,893 కోట్ల రూపాయలు. ‘రా’ పేరుతో ప్రత్యేక వరుస బడ్జెట్ పత్రాల్లో కనిపించదు. సైనిక నిఘా విభాగం ఖర్చు రక్షణ సర్వీసుల పద్దుల్లో కలిసిపోతుంది.

సభలో చర్చించే పద్దులు కొన్నే. మిగిలినవి చివరి రోజున గిలటిన్ పద్ధతిలో ఒక్కసారిగా ఓటింగ్‌కు వెళ్తాయి. అంతకుముందు 1993 నుంచి ఉన్న శాఖాపరమైన స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలిస్తాయి. హోం వ్యవహారాల సంఘం పోలీసు పద్దును చూస్తుంది. అయితే శాఖల రోజువారీ పాలన ఈ సంఘాల పరిధిలోకి రాదని నిబంధనలే చెబుతాయి. పైగా, దేశ భద్రతకు భంగమనే కారణంతో పత్రాలు ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించవచ్చు. రహస్య పత్రాలు చూసేందుకు ప్రత్యేక ఏర్పాటున్న సంఘమూ లేదు.

లెక్కలు ఎవరు చూస్తారు?

జీతాలు, భవనాలు, వాహనాల వంటి మామూలు ఖర్చులు కాగ్ ఆడిట్‌కు లోబడినవే. సమాచారం ఇచ్చేవారికి చెల్లింపులు, రహస్య చర్యలకు పెట్టే ‘సీక్రెట్ సర్వీస్’ ఖర్చు సంగతి వేరు. దానికి రశీదులు ఆడిటర్ల ముందుకు రావు. నియమితుడైన సీనియర్ అధికారి లోపల పరిశీలించి, డబ్బు సక్రమంగా ఖర్చయిందని ధ్రువపత్రం ఇస్తే సరిపోతుంది. ల్యాండ్‌ఫాల్ వంటి ఉదంతంలో అసలు విషయం తెలిపే కాగితాలు ఏమైనా ఉంటే, అవి ఉండేది ఈ రెండో అరలోనే.

సమాచార హక్కు చట్టం కూడా ఈ తలుపు దగ్గర ఆగుతుంది. 2005 చట్టంలోని 24వ సెక్షన్, రెండో షెడ్యూలులో పేర్కొన్న సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. ఐబీ, ‘రా’ ఆ జాబితాలో మొదటి రెండు. చట్టం వచ్చినప్పుడే అదే జాబితాలో చేరిన మరో పేరు అండమాన్ నికోబార్ స్పెషల్ బ్రాంచ్ సీఐడీ. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. మానవ హక్కుల విషయమైతే కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలి. సన్నటి సందే అయినా, పౌరుడి చేతిలో ఉన్నది అదొక్కటే.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కూ పరిమితి ఉంది. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, సాయుధ దళాలపై ఫిర్యాదు వస్తే కమిషన్ కేంద్రం నుంచి నివేదిక కోరి, సిఫార్సు చేయగలదు. మామూలు కేసుల్లోలా తానే దర్యాప్తు చేయలేదు.

అండమాన్‌కు ఉన్న అదనపు చిక్కు

అండమాన్ నికోబార్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. 239వ అధికరణ కింద రాష్ట్రపతి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం సుమారు 3.8 లక్షలు. వారిలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. ఇంతమందికీ ప్రాతినిధ్యం ఒకే లోక్‌సభ స్థానం. రాజ్యసభలో సీటు లేదు.

దీవుల బడ్జెట్ కూడా పార్లమెంటే ఆమోదిస్తుంది. 2025-26లో అది సుమారు 6,212 కోట్లు. రాష్ట్రంలో అయితే స్థానిక పోలీసు నిఘా విభాగం పద్దుపై శాసనసభలో ఎవరో ఒకరు లేచి అడిగే అవకాశమైనా ఉంటుంది. అండమాన్‌లో ఆ సభే లేదు. ఇక్కడి స్పెషల్ బ్రాంచ్‌పైనా, ఐబీపైనా, సైనిక నిఘాపైనా అడగాల్సింది ఢిల్లీలోనే.

పైగా దేశంలో నిఘా కార్యకలాపాలు బలంగా ఉండే ప్రాంతాల్లో ఇదొకటి. మలక్కా జలసంధికి వెళ్లే నౌకల దారి ఈ దీవుల పక్క నుంచే పోతుంది. 2001లో పోర్ట్ బ్లెయిర్ కేంద్రంగా దేశంలో మొదటి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఏర్పడింది. కార్గిల్ తర్వాతి మంత్రుల బృందం సంస్కరణల్లో అదీ భాగమే. ఆ బృందం నివేదిక ప్రజల ముందుకు వచ్చినప్పుడు నిఘా వ్యవస్థపై అధ్యాయాన్ని తొలగించారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. పర్యవేక్షణ ఏర్పాట్లలో మార్పు లేదు.

ఇతర దేశాలు ఏం చేశాయి?

అమెరికాలో సీఐఏ, ఎఫ్‌బీఐ అక్రమాలపై 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలోని సంఘం విచారణ జరిపింది. దాని ఫలితంగా 1976లో సెనేట్, 1977లో ప్రతినిధుల సభ శాశ్వత నిఘా సంఘాలను ఏర్పాటు చేశాయి. నిఘా బడ్జెట్ వివరాలు రహస్య అనుబంధంలో ఆ సంఘాల ముందుకు వెళ్తాయి. 2007 చట్టం తర్వాత జాతీయ నిఘా బడ్జెట్ మొత్తాన్ని ఏటా వెల్లడిస్తున్నారు.

మనం అనుసరించే వెస్ట్‌మినిస్టర్ పద్ధతికి మాతృక బ్రిటన్. అక్కడ 1994లో నిఘా సంస్థలకు సంబంధించిన చట్టంతో పాటే ఇంటెలిజెన్స్ అండ్ సెక్యూరిటీ కమిటీ వచ్చింది. 2013లో దాన్ని పార్లమెంటు సంఘంగా మార్చి అధికారాలు పెంచారు. ఉభయ సభల నుంచి తొమ్మిది మంది సభ్యులు ఉంటారు. ప్రధాని నామినేట్ చేస్తారు, సభలు నియమిస్తాయి. జర్మనీలో నిఘా కార్యకలాపాలను ఒక పార్లమెంటరీ సంఘం, వాటి రహస్య బడ్జెట్‌ను మరో సంఘం చూస్తాయి. కెనడా 2017లో చట్టం చేసింది.

ఇవేవీ లోపం లేనివి కావు. బ్రిటన్ సంఘం నివేదిక ప్రచురణకు ముందు ప్రధానికి వెళ్తుంది, సున్నిత భాగాలు తొలగుతాయి. అయినా అడిగే మనిషి ఎవరో, జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో అక్కడ చట్టంలో రాసి ఉంది.

ఇక్కడ జరిగిన ప్రయత్నాలు

2010 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ, ‘రా’ వ్యవస్థాపకుడు ఆర్.ఎన్. కావ్ స్మారకోపన్యాసంలో పార్లమెంటు పర్యవేక్షణ అవసరమని అన్నారు. 2011లో ఎంపీ మనీష్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. ఐబీ, రా, ఎన్‌టీఆర్‌ఓలకు చట్టబద్ధత కల్పించి, పార్లమెంటరీ సంఘం, ట్రిబ్యునల్ ఏర్పాటు చేయాలన్నది దాని సారం. అది చట్టం కాలేదు. కాగ్ ఆడిట్, పార్లమెంటు పర్యవేక్షణ కోరుతూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. దాంతో విషయం మళ్లీ పార్లమెంటు ముంగిటికే వచ్చింది.

తెలుగు పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. మావోయిస్టుల కదలికలపై నిఘా కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో రాజకీయ నాయకులు, తదితరుల ఫోన్లు విన్నారని, ఆధారాలు ధ్వంసం చేశారని వచ్చిన ఆరోపణలపై 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదైంది. అవి కోర్టులో తేలాల్సినవి. కానీ అవి వెలుగులోకి వచ్చింది ప్రభుత్వం మారాక. ఏటా ఆ విభాగానికి నిధులు మంజూరు చేసిన శాసనసభకు ముందే తెలిసే మార్గం లేకపోయింది.

అభ్యంతరం, జవాబు

రాజకీయ నాయకులకు రహస్యాలు చెబితే బయటికి పొక్కుతాయన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అది తీసిపారేయదగింది కాదు. సమాచారమిచ్చే మనిషి ప్రాణం ఆ రహస్యంపైనే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇతర దేశాలు సంఘాన్ని చిన్నదిగా ఉంచాయి, సమావేశాలు మూసిన తలుపుల వెనక జరుపుతున్నాయి. చాలాచోట్ల నడుస్తున్న చర్యల జోలికి పోకుండా ముగిసినవాటిని పరిశీలిస్తున్నాయి.

ముగిసినవాటిని పరిశీలించే సంఘం 1998లో ఉండి ఉంటే, ల్యాండ్‌ఫాల్ ఫైలు దాని ముందుకు వెళ్లేది. సైన్యం చెప్పింది నిజమైతే ఆ అధికారులపై పడిన మచ్చ తొలగేది. నిర్బంధితులు చెప్పింది నిజమైతే, వారు పదేళ్లకు పైగా జైల్లో ఉండాల్సిన అవసరం వచ్చేది కాదు. ఇప్పుడైతే రెండు పక్షాలకూ ఆ తీర్పు దక్కలేదు, ఆరు మరణాలకు జవాబుదారీ ఎవరో తేలలేదు. ఆ సంఘాన్ని ఏర్పాటు చేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. కేంద్ర జాబితాలోని ఎనిమిదో అంశం కింద పార్లమెంటు మామూలు చట్టం చేస్తే చాలు.