మంచులో వెనక చక్రాలు: మాంటే కార్లో ర్యాలీ కథ

ఈ ఎపిసోడ్ కార్ల చరిత్ర గురించే. కానీ ముందు మా పరువు పోయిన ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

ఉద్యోగం మానేయకముందు కంపెనీ నన్ను ఆరు నెలలు ఆన్‌సైట్‌కి పంపింది. అమెరికాలో మిషిగన్. రూమ్మేట్ మన భీమవరం కుర్రాడే. చేతికి నాలుగు డబ్బులు రాగానే సెకండ్ హ్యాండ్‌లో రెండు డోర్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇంజన్ ముందు, పవర్ వెళ్లేది వెనక చక్రాలకి. నవంబర్ దాకా రాజాల్లా తిరిగాం. డిసెంబర్‌లో మంచు పడిన మొదటి రోజు సిగ్నల్ గ్రీన్ అయింది, మావాడు అలవాటుగా యాక్సిలరేటర్ తొక్కాడు. కారు ముందుకి పోలేదు. వెనక భాగం మెల్లగా పక్కకి జరిగి, గుండ్రంగా తిరిగి, మేం వచ్చిన దారి వైపే మొహం పెట్టి ఆగింది. ఎదురుగా పెద్ద ట్రక్కు హెడ్‌లైట్లు. ఆ డ్రైవర్ చాలా ముందే బ్రేకులు వేశాడు కాబట్టి ఇవాళ నేనీ వీడియో చేస్తున్నా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ పట్టుకుని వెతుకుతూ కూర్చున్నా. నాకు దొరికిన విషయం ఏంటంటే, సరిగ్గా ఇలా వెనక చక్రాలతో నడిచే కార్లేసుకుని మంచు కొండల్లో రాత్రిపూట రేసులు గెలిచినవాళ్లున్నారు. అదెలా?

ముందు చిన్న లెక్క. బురదలో ఆటో దిగబడితే వెనక ఇద్దర్ని కూర్చోబెడతారు, చూశారా? ట్రాక్టర్ వెనక చక్రాలకి ఇనుప బరువులు బిగిస్తారు. ఎందుకంటే తిరిగే చక్రం మీద బరువుంటేనే అది నేలని పట్టుకుంటుంది. మావాడి కారులో బరువైన ఇంజనేమో ముందుంది, తిరిగే చక్రాలేమో వెనకున్నాయి. మంచు మీద అవి జారక ఏం చేస్తాయి! ఇది గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

మాంటే కార్లో ర్యాలీ 1911లో మొదలైంది. అప్పట్లో జనవరి నెలలో యూరప్‌లోని రకరకాల ఊళ్ల నుంచి బయల్దేరి మొనాకో చేరాల్సి ఉండేది, తర్వాత ఆ పైనున్న ఫ్రాన్స్ కొండల్లో పోటీ. ఒక మలుపులో పొడి తారు రోడ్డు, తర్వాతి మలుపులో గాజులాంటి ఐసు. పూర్తిగా మంచున్నా కొంత నయం, ఈ కలగూరగంపతోనే చిక్కు.

1965లో అది కూడా లేదు, అంతా మంచే. 200కి పైగా కార్లు బయల్దేరితే ఫ్రాన్స్ కొండల్లో మంచు తుఫాను చాలావాటిని మింగేసింది. మొనాకో దాకా వచ్చినవి 40 కూడా లేవు. గెలిచింది ఫిన్లాండ్ డ్రైవర్ టిమో మాకినెన్, బుల్లి మినీ కూపర్ ఎస్‌లో. దాని ఇంజన్ ముందే, తిరిగేవీ ముందు చక్రాలే. బరువంతా తిరిగే చక్రాల మీదే ఉంది, లెక్క సరిపోయింది.

నన్ను పట్టేసింది మాత్రం ఆయన కాదు, రెండో స్థానంలో వచ్చిన కారు. పోర్షే 904. ఇది ర్యాలీ కారే కాదు, అచ్చమైన రేసు కారు. ఎత్తు మీటరు పైన కొంచెం, అంటే మన వంటింటి గట్టు కన్నా ఓ జానెడు ఎక్కువ. ఫైబర్‌గ్లాస్ బాడీ, ఇంచుమించు మన పాత మారుతి 800 అంత బరువు. కాకపోతే తొలి మారుతి 800కి 40 లోపు హార్స్‌పవర్, దీనికి 180 దగ్గర. అదంతా వెనక రెండు చక్రాలకే. అంతకుముందు ఏడాది సిసిలీలో టార్గా ఫ్లోరియో గెలిచిన మోడల్ ఇది, అంటే ఎండలో పుట్టిన బిడ్డ. దాన్ని తీసుకెళ్లి మంచు తుఫానులో వదిలారు.

నడిపింది యూజెన్ బోరింగర్. నలభై దాటిన మనిషి, స్టుట్‌గార్ట్‌లో హోటల్ నడుపుకునే ఆయన. అలాగని సరదాకి వచ్చినవాడు కాదు, మెర్సిడెస్ పెద్ద కార్లతో 1962లో యూరప్ ర్యాలీ ఛాంపియన్. అవి కూడా వెనక చక్రాల కార్లే.

ఇంక ఆయన పక్క సీట్లో కూర్చున్న మనిషి పేరు చూసి నేను ఆగిపోయా. రోల్ఫ్ వూథరిచ్. హాలీవుడ్ హీరో జేమ్స్ డీన్ గురించి వినే ఉంటారు. 1955 సెప్టెంబర్ 30న కాలిఫోర్నియాలో రేసుకి వెళ్తూ తన పోర్షే 550లో యాక్సిడెంట్ అయ్యి 24 ఏళ్లకే చనిపోయాడు. ఆ రోజు డీన్ పక్కన ఉన్న మెకానిక్ ఈ వూథరిచ్చే. కారులోంచి బయటికి విసిరేసినట్టు పడ్డాడు, ఒళ్లంతా దెబ్బలు, కానీ బతికాడు. పదేళ్లు తిరక్కుండానే మళ్లీ పోర్షేలో, మళ్లీ పక్క సీట్లో. వీపు వెనక మోగుతున్నది కూడా 550లో ఉన్న ఆ నాలుగు సిలిండర్ల ఇంజన్ కుటుంబానిదే. బయటేమో మంచు, చీకటి, లోయ. నేను ఒక్కసారి గుండ్రంగా తిరిగినందుకు వారం రోజులు ఆ కారెక్కలేదు. ఆయన ఎలా ఎక్కాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంతకీ 904 ఎలా నిలబడింది? ఇంజన్ సీట్ల వెనక, వెనక ఇరుసుకి కాస్త ముందు ఉంటుంది. అంటే బరువు తిరిగే చక్రాల దగ్గరే. పవర్ ఎక్కువైతే మాత్రం ఆ బరువే గిర్రున తిప్పేస్తుంది, కాబట్టి మిగతాదంతా డ్రైవర్ పాదంలో ఉంది. అదే ర్యాలీలో కొత్తగా వచ్చిన పోర్షే 911 కూడా పాల్గొంది, అయిదో స్థానం. దాని ఇంజన్ ఇరుసుకి కూడా వెనక వేలాడుతూ ఉంటుంది. చాలామంది దీన్ని డిజైన్ తప్పు అంటారు. పొడి రోడ్డు మీద వాదించొచ్చు గానీ, మంచు ఎత్తుల్లో అదే వరం. 1968లో విక్ ఎల్ఫర్డ్, 1969, 1970ల్లో స్వీడన్ మనిషి బియోర్న్ వాల్డెగార్డ్, వరసగా మూడేళ్లు 911తోనే గెలిచారు.

1968లో ఇంకో తమాషా, తమాషా అనకూడదేమో. పోటీలో ఎల్ఫర్డ్‌కి గట్టి పోటీ ఇస్తున్నది ఆల్పీన్ కారులో ఫ్రాన్స్ డ్రైవర్ జెరార్ లారూస్. టురిని కనుమలో చూడ్డానికొచ్చిన జనం మజా కోసం పొడి రోడ్డు మీద మంచు ఎత్తి పోశారు. లారూస్ కారు దాని మీదకెక్కి జారి గుద్దుకుంది, ఆట ముగిసింది. జనం ఎక్కడైనా జనమే గురూ.

1981లో సీన్ మారింది. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే ఆడి క్వాట్రో వచ్చింది. హన్ను మికోలా దాంతో మొదట్లో నిమిషాల తేడాతో ముందుకెళ్లిపోయాడు, తర్వాత గుద్దేశాడు. ఇక వెనక చక్రాల పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. చూస్తే ఆ ఏడాది గెలిచింది రెనో 5 టర్బో, 1982లో ఓపెల్ అస్కోనా 400, 1983లో లాన్సియా 037. మూడూ వెనక చక్రాల కార్లే! చివరి రెండూ నడిపింది ఒకడే, జర్మన్ డ్రైవర్ వాల్టర్ రోర్ల్.

1983 గెలుపు డ్రైవింగ్ ఎంతో ప్లానింగ్ అంత. ఆ ఏడాది మంచు తక్కువ. లాన్సియా టీమ్ పోటీ మధ్యలోనే కారు ఆపి టైర్లు మార్చింది, పొడి రోడ్డుకి ఒక రకం, ఐసుకి మేకులున్నవి. రోడ్డు మీద ఉప్పు చల్లించి ఐసు కరిగించారని కూడా అభిమానులు చెప్పుకుంటారు. ఏడాది చివర్లో కంపెనీల టైటిల్ కూడా ఆడి మీద రెండే పాయింట్ల తేడాతో కొట్టేశారు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మొత్తం మంచు మీదే జరిగే స్వీడన్ ర్యాలీకి లాన్సియా అసలు వెళ్లనే లేదు. అక్కడ మొదటి నాలుగు స్థానాలూ ఆడివే. నాకైతే మాంటే కార్లో గెలుపు కన్నా ఈ వెళ్లకపోవడమే తెలివైన పని అనిపిస్తుంది.

1984 జనవరిలో మాంటే కార్లో నిండా మంచు. రోర్ల్ మళ్లీ గెలిచాడు, ఈసారి ఆడి క్వాట్రోలో. రెండు, మూడు స్థానాలూ క్వాట్రోలే. అప్పట్నుంచి వెనక చక్రాల కారు ఏదీ ఆ ర్యాలీ గెలవలేదు.

మరి మా రూమ్మేట్? పక్కింటి పెద్దాయన వచ్చి టైరు మీద గోరుతో గీకి చూసి నవ్వారు. అవి ఎండాకాలం టైర్లు, చలి 7 డిగ్రీల కిందకి దిగితే ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. మావాడు నాలుగు వింటర్ టైర్లు వేయించి, డిక్కీలో రెండు ఇసుక బస్తాలు వేశాడు. మర్నాడు అదే సిగ్నల్ దగ్గర గ్రీన్ పడ్డాక నెమ్మదిగా మూడు లెక్కపెట్టి కదిలాడు. వెనకాల వాళ్లు హారన్ కొట్టారు. కొట్టనివ్వు అన్నాడు.