ఈతకొలనుకి ఎన్ని గుర్రాలు కావాలి?

"ఎన్ని హెచ్.పీ. మోటారు?"

బోరు వేసినా, మేడ మీద ట్యాంకు పెట్టినా మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పక్కింటాయన ఒకటిన్నర పెట్టించాడని తెలిస్తే మనం రెండు పెట్టిస్తాం. ఎందుకైనా మంచిదని! టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో పెరట్లో ఈతకొలను ఉన్న ఇల్లు కొనుక్కున్న మన తెలుగు ఇంజనీరు కూడా పాత మోటారు కాలిపోగానే అడిగేది ఇదే. అతన్ని అని లాభం లేదు లెండి, అమెరికావాళ్ళే దశాబ్దాల తరబడి ఇదే అడిగారు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని అక్కడి చట్టం ఒప్పుకునేసరికి 2021 వచ్చింది. ఈలోపు బోలెడంత కరెంటు పోయింది, కొన్ని ప్రాణాలు కూడా పోయాయి. ఆ కథ చెప్పుకుందాం.

ముందు ఈ గుర్రం సంగతి. 1780ల్లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు అమ్ముకోవాలి. కొనేవాళ్ళు అప్పటిదాకా గుర్రాలతో మరలు తిప్పించుకుంటున్నవాళ్ళు. "ఈ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు?" అని అడిగితే జవాబు ఉండాలి కదా. అందుకని ఒక గుర్రం నిమిషంలో 33,000 పౌండ్ల బరువుని ఒక అడుగు ఎత్తుకి లేపగలిగే పని చేస్తుందని లెక్క కట్టాడు. ఇవాళ్టి లెక్కలో 746 వాట్లు. మామూలు గుర్రం రోజంతా నిలకడగా చెయ్యగలిగే పనికన్నా ఇది ఎక్కువే. అంటే హెచ్.పీ. అన్నది పుట్టడమే బేరం కుదర్చడానికి పుట్టింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇప్పుడు కొలను దగ్గరికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా ఈతకొలనుల్లో మోటారు గొడవే లేదు. నీళ్ళు నింపేవాళ్ళు, జనం ఈదేవాళ్ళు, మురికి పట్టాక తూము తీసి వదిలేసి మళ్ళీ నింపేవాళ్ళు. మన ఊళ్ళో తొట్టి కడిగినట్టే. ఆ తర్వాత ఇసుక ఫిల్టర్లూ క్లోరినూ వచ్చాయి. నీళ్ళు పారబొయ్యక్కర్లేదు, అవే నీళ్ళని ఫిల్టర్ గుండా తిప్పుతూ ఉంటే చాలు. బాగానే ఉంది. కానీ ఎంత తిప్పాలి?

దీనికి 1920ల్లో గేజ్, బిడ్వెల్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక లెక్క ఇచ్చారు. చాలా అందమైన లెక్క. కొలనులో ఉన్నన్ని లీటర్లూ ఒకసారి ఫిల్టర్ గుండా పంపితే మొత్తం నీళ్ళు శుభ్రమైపోతాయని మనం అనుకుంటాం. అవ్వవు. ఎందుకంటే శుభ్రమైన నీళ్ళు తిరిగి వచ్చి మురికి నీళ్ళల్లోనే కలుస్తాయి. కొన్ని లీటర్లు రెండుసార్లు ఫిల్టర్‌లోకి వెళ్తే, కొన్ని ఒక్కసారి కూడా వెళ్ళవు. కాబట్టి ఒక చుట్టు తిప్పితే 63 శాతమే శుభ్రపడుతుంది. రెండు చుట్లకి 86, మూడింటికి 95, నాలుగింటికి 98 శాతం. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఈ 63 ఎక్కడో చూసినట్టు అనిపించాలి. కెపాసిటర్ ఛార్జింగ్‌లో వచ్చే టైమ్ కాన్‌స్టాంట్ ఇదే! ఈ లెక్కలో ఎక్కడా గుర్రం లేదు చూశారా. ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు, అంతే. సరైన ప్రశ్న అప్పటికే కాగితం మీద ఉందన్నమాట.

మరి తప్పు ఎక్కడ జరిగింది? కొలను ఊరి మధ్య నుంచి పెరట్లోకి వచ్చినప్పుడు.

1950లో అమెరికాలో సొంతంగా నేలలో తవ్వించుకున్న కొలను ఉన్న కుటుంబాలు దాదాపు 2,500 అని చరిత్రకారుడు జెఫ్ విల్ట్సీ రాశాడు. 1999 నాటికి అవి 40 లక్షలు. ఈ పెరుగుదలకి డబ్బూ, శివారు ఇళ్ళూ ఒక కారణం. గొట్టంతో సిమెంటు చిమ్మి కట్టే గనైట్ పద్ధతి వచ్చి ఖర్చు తగ్గడం ఇంకోటి. మూడో కారణం అంత గర్వంగా చెప్పుకునేది కాదు. 1940ల చివర్నుంచీ ఊరి కొలనుల్లోకి నల్లవాళ్ళని కూడా రానివ్వాలని ఒత్తిడి పెరిగింది. 1949లో సెయింట్ లూయిస్‌లో ఫెయిర్‌గ్రౌండ్ పార్కు కొలను తలుపులు అందరికీ తెరిచిన రోజునే తెల్లవాళ్ళు గుంపులుగా వచ్చి నల్లవాళ్ళని కొట్టారు. చాలా ఊళ్ళల్లో తెల్లవాళ్ళు ఊరి కొలనుకి వెళ్ళడం మానేసి పెరట్లో తవ్వించుకున్నారు.

ఊరి కొలనుకి ఒక ఇంజనీరు ఉండేవాడు, లెక్క వేసేవాడు. పెరటి కొలనుకి ఉన్నది కాంట్రాక్టరు, ఇంటాయన. కాంట్రాక్టరు ఖర్చు కట్టిన రోజుతో సరి, ఆ తర్వాత కరెంటు బిల్లు ఇంటాయనది. సన్న పైపు చవక కాబట్టి రెండు అంగుళాల పైపు వెయ్యాల్సిన చోట ఒకటిన్నర అంగుళాలది వేసేస్తే సరిపోతుంది. నీళ్ళు సరిగ్గా రాకపోతే? పెద్ద మోటారు పెట్టు! అంతే. ఒకే ప్రవాహానికి రెండంగుళాల పైపులో కన్నా ఒకటిన్నర అంగుళాల పైపులో రాపిడి నష్టం సుమారు నాలుగు రెట్లు. ఆ నష్టాన్ని ఇంటాయన నెలనెలా కడుతూ ఉంటాడు, ఎందుకు కడుతున్నాడో తెలీకుండానే.

దీనికి తోడు వాట్‌గారి గుర్రం మళ్ళీ రంగంలోకి దిగింది. మోటారు మీద రాసిన హెచ్.పీ.తో పాటు "సర్వీస్ ఫ్యాక్టర్" అని చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది. రెండూ గుణిస్తేనే మోటారు అసలు సత్తా. 1 హెచ్.పీ., సర్వీస్ ఫ్యాక్టర్ 1.65 అని రాసిన మోటారు అసలు సత్తా 1.65. ఒకటిన్నర హెచ్.పీ., ఫ్యాక్టర్ 1.1 అని రాసిన దానిదీ 1.65. రెండూ ఒకటే, చీటీలు వేరు. మొదటిదాన్ని "ఫుల్ రేటెడ్" అనీ, రెండోదాన్ని "అప్‌రేటెడ్" అనీ అమ్మేవాళ్ళు. పాత చీటీలో 1 ఉంటే, కొత్తది "కాస్త పెద్దదే" తీసుకుందామని 1.5 కొన్న మనిషి అదే మోటారుని మళ్ళీ కొన్నట్టు. లేదా పాతది అప్‌రేటెడ్ 1.5 అయితే, ఫుల్ రేటెడ్ 1.5 తెచ్చి, తనకి తెలీకుండానే అంతకన్నా పెద్ద మోటారు బిగించుకున్నట్టు.

మనకిది కొత్తేమీ కాదు. 2000ల మొదట్లో కంప్యూటర్ కొనేవాళ్ళంతా "ఎన్ని గిగాహెర్ట్జ్?" అని అడిగేవాళ్ళు. ఇంటెల్ కూడా ఆ అంకె వెనకే పరిగెత్తి, పెంటియం 4 వేడిని తట్టుకోలేక 2004లో నాలుగు గిగాహెర్ట్జ్ చిప్పుని రద్దు చేసుకుంది. ఒక్క అంకెతో వస్తువు అమ్మితే ఆ అంకె పెరుగుతుంది, పని పెరగాలని రూలేం లేదు.

సరే, పెద్ద మోటారైతే కాస్త కరెంటు ఎక్కువ, అంతేగా అంటారా? "కాస్త" కాదు. పంపు వేగానికీ అది తీసుకునే శక్తికీ మధ్య ఉన్నది ఘన సంబంధం. వేగం సగానికి తగ్గిస్తే ప్రవాహం సగమవుతుంది, కానీ శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రెట్టింపు గంటలు నడిపి అన్నే లీటర్లు తిప్పినా మొత్తం కరెంటు నాలుగో వంతే. అసలు మోటార్లలో ఇంత కచ్చితంగా రాదు గానీ దగ్గర్లోనే వస్తుంది. 1980ల్లో ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 120 కొలనుల మీద చూశారు. చిన్న పంపు పెట్టి, నడిపే గంటలు కూడా తగ్గిస్తే కొందరికి పంపు ఖర్చు 75 శాతం దాకా తగ్గింది. మామూలు ఇంటి కొలనుకి ముప్పావు హెచ్.పీ. చాలని అమెరికా ఇంధన శాఖ కూడా జనానికి చెప్తూ వచ్చింది. ఎవరు విన్నారు?

కరెంటు పోతే డబ్బే పోతుంది. ఇంకో సంగతి ఉంది. పంపు ఒకవైపు తోస్తుంటే ఇంకోవైపు పీలుస్తుంది. కొలను అడుగున ఒకే తూము ఉండి, దాని మీద బల్లపరుపు మూత ఉండి, ఎవరైనా దాన్ని ఒంటితో కప్పేస్తే ఆ పీల్పంతా ఆ మనిషి మీదే. లెక్క వేసి చూడండి. ఎనిమిది అంగుళాల గుండ్రటి మూత వైశాల్యం 50 చదరపు అంగుళాలు. పంపు వాతావరణ పీడనంలో మూడింట రెండు వంతుల శూన్యం సృష్టిస్తే చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్లు, మొత్తం 500 పౌండ్లు. అంటే 225 కిలోలు!

2002 జూన్‌లో వర్జీనియాలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప హాట్ టబ్ అడుగున తూముకి ఇలాగే అతుక్కుపోయింది. తల్లి లాగినా రాలేదు. ఇద్దరు మగవాళ్ళు కలిసి లాగితే మూత విరిగి వచ్చింది గానీ అప్పటికే పాప ప్రాణం పోయింది. ఆ పాప తాతగారు అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్. అలాంటి ఇంట్లోనే ఇది జరిగిందంటే మిగతావాళ్ళ సంగతేమిటి? తల్లి నాన్సీ బేకర్ ఊరుకోలేదు, ఏళ్ళ తరబడి పోరాడింది. 2007 డిసెంబర్ 19న ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది. తూము మూతలు అతుక్కుపోని ఆకారంలో ఉండాలి, ఒకే తూమున్న పబ్లిక్ కొలనుల్లో రెండో రక్షణ ఉండాలి. ఈ పద్ధతి మూతల మీద అది ఎంత ప్రవాహం దాకా క్షేమమో ముద్రించి ఉంటుంది. కాబట్టి పంపు మార్చేటప్పుడు ఆ అంకె దాటకూడదు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, చిన్న పంపు పెట్టినంత మాత్రాన ప్రమాదం పోదు. అడ్డం పడితే చిన్నదీ పీలుస్తుంది. మూతా, రెండో తూమూ ఉండాల్సిందే.

నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం ఇది: ఈ చట్టం విడిగా రాలేదు, 2007 నాటి అమెరికా ఇంధన చట్టంలో ఒక భాగంగా వచ్చింది. ప్రాణం లెక్కా కరెంటు లెక్కా ఒకే కట్టలో చేరాయి.

ఆ తర్వాత కథ త్వరగా నడిచింది. శాశ్వత అయస్కాంతాలతో, ఎలక్ట్రానిక్స్‌తో వేగం మార్చుకోగలిగే మోటార్లు చవకయ్యాయి. కాలిఫోర్నియా ముందుగా ఒకే వేగం మోటార్ల మీద ఆంక్షలు పెట్టింది. 2017లో ఇంధన శాఖ దేశమంతటికీ నియమం రాసింది, 2021 జూలై 19 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పంపుని కొలిచింది చీటీ మీది హెచ్.పీ.తో కాదు, నీళ్ళకి నిజంగా అందిన శక్తితో. ఆ శక్తి 0.711 హెచ్.పీ. గానీ అంతకు మించి గానీ ఉంటే, మామూలు ఫిల్టర్ పంపు ఒకే వేగంతో ఉండి ఆ ప్రమాణాన్ని అందుకోవడం దాదాపు అసాధ్యం. వాట్‌గారి గుర్రం పేరు మిగిలింది గానీ, కొలిచే చోటు మారింది.

ఇప్పుడు మన ఇంజనీరు ఏం అడగాలి? పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.4 మీటర్లు ఉన్న కొలను అనుకుందాం. 70 వేల లీటర్లు. రోజుకి ఎనిమిది గంటల్లో ఒక చుట్టు తిప్పాలంటే గంటకి 8,750 లీటర్లు, నిమిషానికి 146. పైపులూ ఫిల్టరూ కలిపి అడ్డు పది మీటర్ల హెడ్ అనుకుంటే నీళ్ళకి కావలసిన శక్తి 238 వాట్లు. హెచ్.పీ.లో మూడో వంతు కూడా లేదు! పంపూ మోటారూ కలిపి 40 శాతం సామర్థ్యంతో పనిచేసినా 600 వాట్లు. ముప్పావు హెచ్.పీ. మోటారు హాయిగా లాగేస్తుంది. దీనికి రెండు హెచ్.పీ.ది పెడితే నీళ్ళు మరీ జోరుగా వెళ్ళి ఇసుక ఫిల్టర్‌లో మురికి ఆగకుండా దాటిపోతుంది కూడా. వేగం మార్చుకునే పంపు కొంటే మాత్రం కాస్త పెద్దది కొని నెమ్మదిగా, ఎక్కువ గంటలు నడపడం తెలివైన పని.

ఇది చదివి మీ బోరుకి కూడా వేగం తగ్గిద్దామనుకునేరు, ఆగండి. మూడొందల అడుగుల లోతు నుంచి నీళ్ళు పైకి లేపాలంటే ఆ ఎత్తు వేగంతో పాటు తగ్గదు. పంపు వేగం సగం చేస్తే అది లేపగలిగే ఎత్తు నాలుగో వంతుకి పడిపోయి చుక్క నీరు రాదు. కొలను సంగతి వేరు. తీసిన నీళ్ళు తీసిన చోటికే వెళ్తాయి, ఎత్తడమన్నదే లేదు, ఉన్నదంతా రాపిడే. నెమ్మదిగా పోతే రాపిడీ తగ్గుతుంది. మన మోటారు బుద్ధంతా బోరు దగ్గర నేర్చుకున్నది కాబట్టి కొలను దగ్గర అది మనల్ని పెద్ద మోటారు వైపే లాగుతుంది.

కాబట్టి ఈసారి షాపతను "ఎన్ని హెచ్.పీ. కావాలి సార్?" అంటే, నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలో, ఎంత హెడ్ దగ్గర కావాలో చెప్పి, ఆ పంపు కర్వ్ చూపించమనండి. ఇంటికొచ్చి తూము మూత మీద అంకె కూడా ఒకసారి చూసుకోండి. పిల్లలు నీళ్ళల్లోకి దిగకముందే.