జానెడు బోర్డు

నా ముందు టేబుల్ మీద ఒక మదర్‌బోర్డు ఉంది. అటు 17, ఇటు 17 సెంటీమీటర్లు. దాని మీద జాన పరిస్తే బొటనవేలూ చిటికెనవేలూ అంచులు దాటి బయటికి వస్తాయి. మూలల దగ్గర నాలుగు చిల్లులు. వాటిలో స్క్రూలు బిగిస్తే బోర్డు పెట్టెలో కూర్చుంటుంది, అంతే. తక్కువ ఖర్చుతో, తక్కువ చోటులో, మన చేతులతో మనమే కంప్యూటర్ బిగించుకోగలుగుతున్నామంటే ఆ నాలుగు చిల్లులే కారణమని నా నమ్మకం. అవి అక్కడే ఎందుకున్నాయో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఈ బోర్డు నా దగ్గరికి రావడానికి మా మేనల్లుడు కారణం. నిరుడు హైదరాబాద్‌లో చదువుకు చేరాడు. ముగ్గురు కలిసి ఉండే గది, ఒక్కొక్కరికి ఒక గోడ అర. “ఆ అరలో పట్టేంత కంప్యూటర్ కావాలి మామయ్యా, మానిటర్ కాకుండా పాతిక వేలు దాటకూడదు” అన్నాడు. ఏ భాగం కొనాలి, ఏది మానాలి అని ఇద్దరం వారం రోజులు కాగితం మీద లెక్కలేసుకున్నాం. ప్రతి భాగం దగ్గరా వాడు “ఇది ఇలాగే ఎందుకుంది?” అని అడిగేవాడు. జవాబు ప్రతిసారీ చరిత్రలోనే దొరికింది.

1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. దాని మదర్‌బోర్డు వెనక బయటికి కనిపించే రంధ్రాలు రెండే: ఒకటి కీబోర్డుకు, ఒకటి క్యాసెట్ రికార్డరుకు. తెరకు బొమ్మ పంపాలంటే ఒక కార్డు, ఫ్లాపీ నడవాలంటే ఇంకో కార్డు, మోడెమ్ తగిలించాలంటే మరొకటి. వాటిని గుచ్చడానికి బోర్డు మీద అయిదు స్లాట్లు పెట్టారు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి చేశారు. సర్క్యూట్ పటాలతో సహా సాంకేతిక వివరాలన్నీ పుస్తకంగా అచ్చువేసి అమ్మారు. ఇతరులు కార్డులు తయారుచేస్తే తమ యంత్రానికి గిరాకీ పెరుగుతుందని వాళ్ల ఆలోచన. కార్డులతో పాటు యంత్రాన్నే తయారుచేసేవాళ్లు కూడా పుట్టుకొచ్చారు. 1982 చివర్లో కాంపాక్ కంపెనీ, ఐబీఎం రాసుకున్న బయోస్‌ను (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామును) కాపీ కొట్టకుండా, అదే పని చేసే మరో బయోస్‌ను సొంతంగా రాయించి యంత్రాన్ని ప్రకటించింది. ఆ తర్వాత ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయోస్‌ను అడిగినవాళ్లందరికీ అమ్మడం మొదలుపెట్టింది. ‘అసెంబుల్డ్ కంప్యూటర్’ అని మనం పిలుచుకునేదానికి పునాది అక్కడ పడింది.

1984లో వచ్చిన ఐబీఎం ఏటీ బోర్డు కొలత 12 అంగుళాలు, 13.8 అంగుళాలు. ఒక పెద్ద పళ్లెమంత. త్వరలోనే దాన్ని కుదించి ‘బేబీ ఏటీ’ చేశారు. స్క్రూ చిల్లులు మాత్రం పాత పెట్టెకు సరిపోయేలాగే ఉంచారు. తొంభైల్లో మన ఊళ్లలో డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడిచిన యంత్రాల్లో ఎక్కువ భాగం ఈ బేబీ ఏటీలే. ఆ రోజుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అందరూ సీటీసీ అనే ఆ భవనానికి, కాగితం మీద రాసుకున్న జాబితాతో వెళ్లడం ఒక పండగ. ఒక కొట్లో ర్యామ్, ఇంకో కొట్లో హార్డ్ డిస్క్, పై అంతస్తులో క్యాబినెట్. మన ఇళ్లలో ఆ పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అనేవాళ్లం, ఇప్పటికీ అంటున్నాం.

అప్పట్లో బిగించినవాళ్లకు ఒక భయం ఉండేది. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి బోర్డుకు రెండు ప్లగ్గులు వచ్చేవి, పీ8, పీ9 అని. రెండూ ఒకే ఆకారం. పక్కపక్కన గుచ్చాలి. ఎడమదాన్ని కుడివైపు గుచ్చినా దూరేది, స్విచ్ వేస్తే బోర్డు కాలిపోయేది. “నలుపు పక్కన నలుపు” అని నేర్చుకున్నాం. రెండింటి నల్ల తీగలూ మధ్యలో కలవాలన్నమాట. మరో ఇబ్బంది, ప్రాసెసర్ కార్డుల కింద ఉండేది. పొడుగాటి కార్డు గుచ్చబోతే ప్రాసెసర్ ఫ్యాన్ అడ్డొచ్చేది. షట్‌డౌన్ చేశాక కూడా నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు కనబడేదాకా ఆగి, చేత్తో స్విచ్ నొక్కి ఆపాల్సి వచ్చేది.

ఇవన్నీ 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ కొలతతో పోయాయి. బోర్డు 305 మిల్లీమీటర్లు, 244 మిల్లీమీటర్లు. రెండు ప్లగ్గుల బదులు తిరగేసి గుచ్చడానికి వీల్లేని ఒకే ప్లగ్గు. వెనక రంధ్రాలన్నీ ఒకే చోట ఒక రేకు వెనక. విండోస్ తానే కరెంటు ఆపేయగల ఏర్పాటు. 1997 చివర్లో దాన్ని 244 మిల్లీమీటర్ల చదరానికి కుదించి మైక్రో ఏటీఎక్స్ అన్నారు. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్‌లో (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పుల జతలో) గ్రాఫిక్స్ కూడా చేరింది. సౌండ్, నెట్‌వర్క్ కూడా ఒక్కొక్కటే బోర్డులోకి దిగిపోయాయి. స్లాట్లు ఖాళీ అయ్యాయి. స్లాట్లు ఖాళీ అయితే బోర్డు అంత పెద్దదిగా ఎందుకుండాలి?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది పెద్ద కంపెనీ కాదు. తైవాన్‌కు చెందిన వయా టెక్నాలజీస్ చిప్‌సెట్లు చేసి పేరు తెచ్చుకున్న సంస్థ. 1999లో అది రెండు ప్రాసెసర్ సంస్థలను కొన్నది. ఒకటి సైరిక్స్, రెండోది టెక్సస్‌లోని ఆస్టిన్ ఊళ్లో ఉన్న సెంటార్. సెంటార్ ఇంజనీర్ల పద్ధతి వేరు. ఇంటెల్, ఏఎండీలు మెగాహెర్ట్జ్‌ల కోసం పరుగులు తీస్తుంటే వాళ్లు చిన్న చిప్, తక్కువ వేడి, తక్కువ ఖర్చు అనే దారి పట్టారు. అక్కడి నుంచి వచ్చిన సీ3 ప్రాసెసర్ వేగంలో పెంటియమ్‌కు సాటిరాదు. కానీ దాని నెమ్మది రకాలు ఫ్యాన్ లేకుండానే నడిచేవి. వేడి తక్కువైతే గాలికి చోటు అక్కర్లేదు, గాలికి చోటు అక్కర్లేకపోతే పెట్టె చిన్నదవుతుంది. తన ప్రాసెసర్‌కు ఒక చోటు వెతుక్కుంటూ 2001 నవంబరులో వయా 170 మిల్లీమీటర్ల చదరపు బోర్డును ప్రకటించింది. పేరు మినీ ఐటీఎక్స్. మరుసటేడు ఈపీఐఏ పేరుతో బోర్డులు బజారులోకి వచ్చాయి.

వయా చేసిన పనిలో నాకు ఎంతో గౌరవం కలిగించేది ఇది: కొత్త బోర్డు చేసినా పాత చిల్లులను వదల్లేదు. నాలుగు చిల్లులూ ఏటీఎక్స్ బోర్డుకు ఉన్న చిల్లుల్లో నాలుగింటి మీదే పడతాయి. వెనక రంధ్రాల రేకు అదే కొలత. ఉన్న ఒక్క స్లాటూ ఏటీఎక్స్ మొదటి స్లాటు స్థానంలోనే ఉంటుంది. అంటే ఈ బోర్డు కొన్నవాడు కొత్త పెట్టె కోసం వెతుక్కోనక్కర్లేదు, ఏ మామూలు క్యాబినెట్‌లోనైనా బిగించుకోవచ్చు. కొలతలను తన దగ్గరే దాచుకోకుండా పోటీ కంపెనీలు కూడా వాడుకునేలా బయట పెట్టింది. ఉత్సాహవంతులు ఈ బోర్డుల్ని పాత రేడియోల్లో, బ్రెడ్ టోస్టర్లలో, టైపు మిషన్లలో అమర్చి చూశారు.

పాత చిల్లులను వదిలేసినవి ఏమయ్యాయో చూస్తే వయా నిర్ణయం విలువ తెలుస్తుంది. ఇంటెల్ అంతటి సంస్థ పెంటియమ్ 4 వేడికి తట్టుకోవడానికి బోర్డు అమరికనంతా తిప్పేసి బీటీఎక్స్ అని తెచ్చింది. దానికి కొత్త క్యాబినెట్ కావాలి. 2006 నాటికి విరమించుకుంది. వయా స్వయంగా తర్వాత 120 మిల్లీమీటర్ల నానో ఐటీఎక్స్, 2007లో 100కి 72 మిల్లీమీటర్ల పికో ఐటీఎక్స్ చేసింది. అవి ఫ్యాక్టరీ యంత్రాల్లోకి, తెర పలకల్లోకి వెళ్లాయి గానీ ఇళ్లకు రాలేదు.

దురదృష్టం ఏమిటంటే, వయా కొలత గెలిచింది, వయా ప్రాసెసర్ ఓడింది. 2008లో ఇంటెల్ తన ఆటమ్ ప్రాసెసర్‌ను ఇదే 17 సెంటీమీటర్ల బోర్డు మీద పెట్టి చౌకగా అమ్మింది. ఆ బోర్డుల్లో ఒక వింత ఉంది. ఆటమ్ 230 ప్రాసెసర్‌కు 4 వాట్లు చాలు, పక్కనున్న పాత చిప్‌సెట్‌కు 22 వాట్లు కావాలి. అందుకని ఫ్యాన్‌ను ప్రాసెసర్‌కు కాకుండా చిప్‌సెట్‌కు పెట్టారు. మా మేనల్లుడికి ఆ బోర్డు ఫొటో చూపిస్తే ఏది ప్రాసెసరో గుర్తుపట్టలేకపోయాడు.

ఇక ఖర్చు సంగతి. చాలా ఏళ్లు చిన్న బోర్డు అంటే పెద్ద ధర. ఒకే రకం చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డు కంటే మినీ ఐటీఎక్స్ ఖరీదెక్కువ, ఇప్పటికీ చాలా రకాల్లో అంతే. చోటు తగ్గినకొద్దీ తీగల అల్లిక కష్టమవుతుంది, అమ్ముడుపోయే సంఖ్య తక్కువ. ధర దించింది ల్యాప్‌టాప్. కోట్ల సంఖ్యలో తయారయ్యే ల్యాప్‌టాప్ భాగాలు డెస్క్‌టాప్‌లోకి వచ్చాయి: పొట్టి ర్యామ్, చూయింగ్ గమ్ పలకలాంటి ఎం.2 ఎస్‌ఎస్‌డీ, గోడకు తగిలించే 19 వోల్టుల ఎడాప్టర్. 2012లో ఇంటెల్ అరచేతిలో పట్టే నక్ అనే కంప్యూటర్‌ను తెచ్చింది. 2015లో అయిదంగుళాలకు కాస్త మించిన మినీ ఎస్‌టీఎక్స్ కొలత వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఏఎండీ రైజెన్ 3 2200జీని 99 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. విడిగా కార్డు లేకుండా ఓ మాదిరి ఆటలు కూడా ఆడగలిగే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నాయి. తక్కువ డబ్బుతో చిన్న పెట్టె కట్టుకోవాలనుకున్నవాళ్లకు అంతకుముందు అలాంటి ప్రాసెసర్ దొరకలేదని నేను గట్టిగా చెబుతాను. మరుసటేడు ఏఎస్‌రాక్ కంపెనీ దాన్ని పెట్టుకోవడానికి డెస్క్‌మినీ ఏ300 తెచ్చింది. మొత్తం పెట్టె రెండు లీటర్ల లోపు. మన పాత టవర్ నలభై లీటర్ల దాకా ఉండేది.

మా కాగితం మీద మొదటి గీత డెస్క్‌మినీ మీదే పడింది. పెట్టె, బోర్డు, ఎడాప్టర్ కలిపి వస్తాయి, అది సుఖమే. కానీ లోపల ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఎత్తు 46 మిల్లీమీటర్లు మించకూడదు. ప్రాసెసర్‌తో ఉచితంగా ఇచ్చే ఏఎండీ కూలర్ అంతకంటే పొడుగు. చిన్న పెట్టె కట్టేవాళ్లు మొట్టమొదట కొలవాల్సింది ఈ ఎత్తే. పైగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటాయి. అందుకే ఒక 16 జీబీ ముక్క కంటే రెండు 8 జీబీ ముక్కలు వేస్తే ఆటలు నున్నగా నడుస్తాయి. మా మేనల్లుడికి ఆటల మీద ధ్యాస లేదు. కోడ్ రాయాలి, పాఠాలు చూడాలి. ఆ గదిలో ఏసీ లేదు, వేసవిలో కరెంటు పోతుంటుంది.

అందుకని ప్రాసెసర్ అతికించే వచ్చే మినీ ఐటీఎక్స్ బోర్డు దగ్గర ఆగాం. దాని మీద ఇంటెల్ ఎన్100 ఉంది. 2023 జనవరిలో వచ్చిన ఈ ప్రాసెసర్ 6 వాట్ల రకం. ఫ్యాన్ లేదు, కాబట్టి చప్పుడూ దుమ్మూ తక్కువ. బోర్డు మీదే 19 వోల్టుల సాకెట్ ఉంది, ఎస్‌ఎంపీఎస్ అక్కర్లేదు. ఇంత తక్కువ వాడకానికి చిన్న యూపీఎస్ కూడా చాలాసేపు నిలబడుతుంది. సెంటార్ ఇంజనీర్లు దాదాపు పాతికేళ్ల క్రితం పట్టిన దారే ఇది: చిన్న చిప్, తక్కువ వేడి. వాళ్ల చిప్ చేయలేనివన్నీ ఇది చేస్తుంది. లోటూ ఉంది. ప్రాసెసర్ మార్చలేం, ర్యామ్‌కు ఒకటే స్లాటు. వాడికి నేను ఆ మాట ముందే చెప్పాను.

రెడీమేడ్ మినీ పీసీ కొనేస్తే పోదా అని వాడి స్నేహితులు అన్నారట. తేలిక దారే. అయితే 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్‌లతో పాటు అతి చిన్న కంప్యూటర్ల దిగుమతిని కూడా ఆంక్షల జాబితాలో చేర్చింది. వ్యతిరేకత రావడంతో ఆ నవంబరు నుంచి అనుమతి తీసుకుని దిగుమతి చేసుకునే పద్ధతి పెట్టింది. ఆఫీసులు వాడి వదిలేసిన బుల్లి కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ఖర్చు ఒక్కటే చూసుకునేవాళ్లకు వాటిని నేను నిస్సంకోచంగా చెబుతాను. కానీ వాటి బోర్డు పాడైతే అదే కంపెనీ, అదే మోడల్ బోర్డు వెతకాలి. ఈ జానెడు బోర్డు పాడైతే ఏ కంపెనీదైనా తెచ్చి అవే నాలుగు చిల్లుల్లో బిగించుకోవచ్చు.

బోర్డు వచ్చింది గానీ మేం అడిగిన చిన్న క్యాబినెట్ రావడానికి నెల పడుతుందన్నారు. మా ఇంట్లో అటక మీద 2003లో కొన్న ఏటీఎక్స్ టవర్ ఉంది. దించి దుమ్ము దులిపాం. పాత బోర్డునూ పాత ఎస్‌ఎంపీఎస్‌నూ ఊడదీశాం. అడుగున ఇత్తడి స్టాండ్‌లు ఇంకా బిగించే ఉన్నాయి. మా మేనల్లుడు కొత్త బోర్డు తీసుకుని వాటి మీద పెట్టాడు. నాలుగు చిల్లులూ నాలుగు స్టాండ్‌ల మీద అతికినట్టు కూర్చున్నాయి. మిగతా స్టాండ్‌లు ఖాళీ. ముందు బటన్ నుంచి వచ్చే రెండు తీగల ప్లగ్గును బోర్డు మీది పిన్నులకు గుచ్చితే అదీ సరిపోయింది. ఇరవై రెండేళ్ల కిందటి బటన్ నొక్కాడు, తెర వెలిగింది.

నెల తర్వాత చిన్న పెట్టె వచ్చింది. అవే నాలుగు స్క్రూలు విప్పి, అందులో బిగించుకుని, సంచిలో వేసుకుని బస్సెక్కాడు.